రొదలో దాగిన బొమ్మ

అనలాగ్ టీవీ రోజుల్లో సిగ్నల్ బలహీనపడితే తెరమీద చుక్కలు కురిసేవి. ఆ చుక్కల వెనక ఒక ముఖమో, కాల్‌సైన్ అక్షరాలో లీలగా ఆనుతూనే ఉండేవి. డిజిటల్ టీవీకి ఆ మసక దశ దాదాపు లేదు. ఒక డెసిబెల్ అటూ ఇటూ అయితే చాలు, నిండు బొమ్మ కాస్తా నల్లతెర అయిపోతుంది. అందుకే హ్యామ్ టీవీ (ఔత్సాహిక రేడియోవాళ్ల టీవీ) సాధకుల మధ్య ఏ సాఫ్ట్‌వేర్ రిసీవర్ మేలన్న వాదన ఎప్పుడు వచ్చినా ఆ ఒక్క డెసిబెల్ దగ్గరే తేలాల్సి ఉంటుంది. “నాదాంట్లో బొమ్మ పడింది, మీదాంట్లో పడలేదు” అంటే అది వార్త అవుతుందే గాని కొలత కాదు. బలహీన సిగ్నల్ దగ్గర ఈ రిసీవర్లను నిజంగా వేరుచేసేది తప్పులు దిద్దే గణితం కాదనీ, రొదలో కూరుకుపోయిన తరంగాన్ని జారిపోకుండా పట్టుకునే నేర్పు అనీ నా అభిప్రాయం. పోల్చవలసింది ఆ నేర్పునే.

ఈ పోలికకు ఇవాళ అన్నిటికన్నా అనువైన చోటు ఆకాశంలోనే ఉంది. 2018 నవంబరులో ఎగిరిన ఖతార్ ఉపగ్రహం ఎస్‌హెయిల్-2లో హ్యామ్‌ల కోసం అమర్చిన భాగాన్ని క్యూఓ-100 అంటారు. అందులో 10,491 నుంచి 10,499 మెగాహెర్ట్జ్ దాకా 8 మెగాహెర్ట్జ్ వెడల్పు టీవీకి వదిలారు. తూర్పు రేఖాంశం 26 డిగ్రీల దగ్గర అది స్థిరంగా నిలిచి ఉంటుంది కాబట్టి మన దేశం కూడా దాని నీడలోకి వస్తుంది. 1983 నుంచి జాతీయ హ్యామ్ రేడియో సంస్థకు నెలవైన హైదరాబాద్ నుంచి చూస్తే, పడమరకు కాస్త దక్షిణంగా, దిగంతానికి దాదాపు 28 డిగ్రీల ఎత్తున ఉంటుంది. అక్కడి బీకన్ (గుర్తు ప్రసారం) సెకనుకు 15 లక్షల సింబళ్లు (బిట్లను మోసే తరంగపు తునకలు) పంపుతుంది. చిన్న డిష్, తక్కువ పవర్ ఉన్నవాళ్లు 333 వేలు, 125 వేలు, చివరికి 33 వేల సింబళ్లదాకా దిగుతారు. సింబల్ రేటు సగమైతే రిసీవర్‌లోకి దూరే రొద కూడా సగమవుతుంది, అంటే 3 డెసిబెళ్ల లాభం. 15 లక్షల నుంచి 33 వేలకు దిగితే 16 డెసిబెళ్లకు పైగా కలిసొస్తుంది. మిగిలిన కొద్దిపాటి బిట్లలోనే బొమ్మను ఇమిడ్చే పని హెచ్.265 లాంటి కుదింపు పద్ధతులది.

ముందు గణితం సంగతి. 1994 నాటి ఉపగ్రహ టీవీ ప్రమాణం డీవీబీ-ఎస్‌లో తప్పులు దిద్దడానికి విటర్బీ, రీడ్-సాలమన్ పద్ధతులు జంటగా పనిచేసేవి. తర్వాత వచ్చిన డీవీబీ-ఎస్2లో వాటి స్థానాన్ని ఎల్‌డీపీసీ, బీసీహెచ్ తీసుకున్నాయి. సింబల్‌కు రెండు బిట్లు మోసే క్యూపీఎస్‌కే సిగ్నల్‌ను విప్పడానికి ఈ ప్రమాణం చూపే ఆదర్శ హద్దు 3/4 కోడ్‌కు (నాలుగు బిట్లలో మూడు అసలు సమాచారం) 4.03 డెసిబెళ్లు, 1/2కు 1.00, 1/4కు మైనస్ 2.35. ఆ చివరి అంకె దగ్గర రొద సిగ్నల్ కన్నా 1.7 రెట్లు ఎక్కువ, అయినా బొమ్మ చెక్కుచెదరకుండా రావాలి! 1/2 కోడ్ హద్దుకూ షానన్ సిద్ధాంతం గీసిన గీతకూ ఎడం ఒక్క డెసిబెల్ మాత్రమే. కనుక ప్రతి బిట్‌నూ ఎంత నమ్మవచ్చో లెక్కగట్టి, తగినన్ని విడతలు తిప్పే ఏ డీకోడరైనా దాదాపు ఒకే అంకెకు చేరుతుంది. తేడా వచ్చేది ఆ పని పూర్తిగా చేయనప్పుడే. లీన్‌డీవీబీ చిన్న కంప్యూటర్ల మీద నడిచేలా తేలికగా రాసిన ప్రోగ్రాం. డీవీబీ-ఎస్‌లో విటర్బీని అడిగితేనే వాడుతుంది. డీవీబీ-ఎస్2కు తనదైన సులువైన బిట్లు తిప్పే పద్ధతి ఒకటుంది, లేదంటే బయటి ఎల్‌డీపీసీ సాధనానికి పని అప్పజెప్పవచ్చు. బిట్‌ను ముందే 0 లేదా 1 అని తేల్చేసి నమ్మకపు లెక్కను వదిలేస్తే సుమారు 2 డెసిబెళ్లు పోతాయి. అంటే సెట్టింగులు మారితే అదే ప్రోగ్రాం వేరే రిసీవర్ అయినట్టే. ఇంకో సంగతి: ఎస్‌డీఆర్‌ఏంజెల్ అనే మరో సాఫ్ట్‌వేర్ రిసీవర్‌లోని టీవీ విభాగం ఈ లీన్‌డీవీబీ పునాది మీదే కట్టింది. ఆ రెండిటినీ పోల్చడం చాలావరకు అన్నదమ్ములను పోల్చడమే.

అసలు కష్టం డీకోడర్ దాకా చేరకముందే మొదలవుతుంది. డీవీబీ-ఎస్2 పెద్ద ఫ్రేములో 64,800 బిట్లుంటాయి, క్యూపీఎస్‌కేలో అవి 32,400 సింబళ్లు. వాటి ముందు 90 సింబళ్ల తలకట్టు వస్తుంది. సెకనుకు 2.75 కోట్ల సింబళ్లు పంపే వాణిజ్య చానెల్‌లో ఈ ఫ్రేము మిల్లీసెకనుకు కాస్త ఎక్కువలో దాటిపోతుంది. 33 వేల సింబళ్ల హ్యామ్ సిగ్నల్‌లో అదే ఫ్రేముకు దాదాపు ఒక సెకను పడుతుంది. ఆ సెకను పొడవునా రిసీవర్ క్యారియర్ ఫేజ్‌ను వదలకూడదు. డిష్ ముందుండి తరంగాన్ని తక్కువ ఫ్రీక్వెన్సీకి దించే ఎల్‌ఎన్‌బీ మాత్రం నిలకడగా ఉండదు. ఎన్నో ఎల్‌ఎన్‌బీలలో 25 మెగాహెర్ట్జ్ క్రిస్టల్‌ను 390 రెట్లు పెంచి 9,750 మెగాహెర్ట్జ్ తయారుచేస్తారు, కాబట్టి క్రిస్టల్ ఒక్క హెర్ట్జ్ జరిగితే సిగ్నల్ 390 హెర్ట్జ్ జరుగుతుంది. క్రిస్టల్ పదిలక్షల్లో ఒక వంతు తప్పినా సిగ్నల్ సుమారు పది కిలోహెర్ట్జ్ పక్కకు పోతుంది. కోట్ల సింబళ్ల చానెల్‌కు అది లెక్కలోకి రాదు, 33 కిలోహెర్ట్జ్ సిగ్నల్‌కు మూడో వంతు. ఫేజ్‌ను వెంటాడే లూప్‌ను వెడల్పు చేస్తే రొద లోపలికి వస్తుంది, ఇరుకు చేస్తే జారే క్యారియర్ చేజారుతుంది. ప్రతి 1,440 సింబళ్లకు 36 తెలిసిన సింబళ్లను పైలట్లుగా చేర్చే వీలు ప్రమాణంలో ఉంది. సుమారు 2.4 శాతం వేగాన్ని వదులుకుంటే దారి పొడవునా మైలురాళ్లు దొరుకుతాయి. వాటినీ తలకట్టునూ ఎంత బాగా వాడుకుంటుందన్న దాన్నిబట్టే ఒక రిసీవర్ ప్రమాణం చూపిన ఆదర్శ హద్దుకు దగ్గరగా వెళ్తుందా, రెండు మూడు డెసిబెళ్లు ముందే ఆగిపోతుందా అనేది తేలుతుంది.

ఇంత తంటా ఎందుకు, మినీటియూనర్ ఉందిగా అనవచ్చు. ఎస్‌టీవీ0910 చిప్‌తో నడిచే ఆ పరికరం తక్కువ కరెంటుతో, వెంటనే లాక్ అవుతుంది. రోజూ కూర్చుని క్యూఓ-100 చూసేవాళ్లకు నేనూ దాన్నే సూచిస్తాను. కానీ అది లాక్ కానప్పుడు కారణం చెప్పదు. దాని లూప్‌లో మనం తిప్పగలిగేవి చిప్ తయారీదారు వదిలిన మరలే. సాఫ్ట్‌వేర్‌లో ప్రతి మెట్టూ బయటికి కనిపిస్తుంది, తిరగరాయవచ్చు. మరి ఆర్‌టీఎల్-ఎస్‌డీఆర్ 8 బిట్ల డాంగిల్ కదా, బలహీన సిగ్నల్‌కు అదేం పనికొస్తుందని ఇంకో అభ్యంతరం. సెకనుకు 24 లక్షల నమూనాలు తీసి 250 వేల సింబళ్ల సిగ్నల్‌కు కుదిస్తే దాదాపు 10 డెసిబెళ్ల మేర కొలత రొద తగ్గుతుంది. 8 బిట్లకు అసలు శత్రువు పక్కనే గట్టిగా వచ్చే మరో సిగ్నల్. దానికి మందు ముందొక ఫిల్టర్.

కనుక పోలిక న్యాయంగా జరగాలంటే అందరికీ ఒకే ఐక్యూ (విప్పని ముడి నమూనాల) రికార్డింగ్ ఇవ్వాలి. శుభ్రమైన సిగ్నల్‌ను రికార్డు చేసి, తెలిసిన మోతాదులో రొద కలుపుతూ పోయి, లీన్‌డీవీబీకీ, గ్నూ రేడియో మీద నడిచే జీఆర్-డీవీబీఎస్2ఆర్‌ఎక్స్‌కూ అదే ఫైలు పెట్టి, నూటికి ఎన్ని ఫ్రేములు తప్పులేకుండా వచ్చాయో లెక్కపెట్టాలి. తెరమీద కనిపించే ఎంఈఆర్ (సిగ్నల్ నాణ్యత) అంకెలను మాత్రం నమ్మకూడదు. అనేక ప్రోగ్రాములు వచ్చిన ప్రతి సింబల్‌నూ దగ్గరలోని ఆదర్శ బిందువుతో పోల్చి ఎంఈఆర్ కడతాయి. రొద పెరిగి సింబల్ పక్క బిందువు వైపు దాటిపోతే, తప్పు బిందువుకు దగ్గరగా ఉందన్న మెప్పు కూడా దానికే దక్కుతుంది. హద్దు దగ్గర ఆ అంకె ఉన్నదానికన్నా అందంగా కనిపిస్తుంది. అలాగే లాక్ నిలిచే హద్దు వేరు, కొత్తగా లాక్ పడే హద్దు వేరు. రెండూ విడిగా రాయాలి.

ఈ పద్ధతి విలువ అంతరిక్ష కేంద్రం నుంచి వచ్చే హ్యామ్‌టీవీ దగ్గర బాగా తెలుస్తుంది. 2,395 మెగాహెర్ట్జ్ మీద డీవీబీ-ఎస్‌లో వచ్చే ఆ ప్రసారాన్ని పట్టడం లీన్‌డీవీబీ తొలినాటి లక్ష్యాల్లో ఒకటి. కేంద్రం నెత్తిమీదుగా పోయేది పది నిమిషాలు. ఆ లోపే డాప్లర్ వల్ల తరంగం 50 కిలోహెర్ట్జ్ పైనుంచి అంతే కిందికి జారుతుంది. ఆ పది నిమిషాల్లో చిప్ లాక్ కోల్పోతే పోయిన బొమ్మ మళ్లీ రాదు. రికార్డు చేసిన ఐక్యూ ఫైలును మాత్రం కొత్త లూప్ రాసినప్పుడల్లా మళ్లీ నడపవచ్చు, అవసరమైతే చివరి నుంచి మొదటికి కూడా.