“రోజులు మారాయి”: ఒక పేరు, రెండు గొంతులు

సినిమా పేరును వ్యాపారపు గుర్తుగా మాత్రమే చూసి వదిలివేయడం మన విమర్శకుల అలవాటు. జనం నోట నలిగే మాటను పేరుగా ఎత్తుకొన్నప్పుడు, దానిని యెవరి పక్షాన పలికించారన్నది విమర్శకు తగిన ప్రశ్నేనని నా అభిప్రాయం.

గోదావరి డెల్టాలో “రోజులు మారాయి” అన్న మాట రెండు గొంతులతో వినబడుతుంది. పాలేరు భుజం మీది తువ్వాలు దించకుండా నిలబడితే కామందు ఆ మాటే అని నిట్టూరుస్తాడు. అడిగిన కూలి సాధించుకొన్నవాడు నవ్వుతూ అంటాడు. మాట ఒకటే, వర్గాలు రెండు.

1955లో సారథీవారి “రోజులు మారాయి” కామందు నిట్టూర్పును లాక్కొని రైతు చేతికిచ్చింది. తాపీ చాణక్య దర్శకత్వంలో అక్కినేని నాగేశ్వరరావు పోషించిన యువకుడు తోటి రైతులతో కలిసి భూస్వామి పెత్తనాన్ని ఎదిరిస్తాడు. అప్పటికి ఎస్టేట్ల రద్దు చట్టం (1948) వచ్చింది. ఆంధ్ర ప్రాంతపు కౌలుదారీ చట్టం 1956 వరకూ రాలేదు. కనుక “మారాయి” అన్న భూతకాల క్రియ నాటికి సగమే నిజం. ఆ ప్రకటనలో తొందరపాటు వుంది. కాని అది రైతు పక్షపు తొందర. 1956లో చాణక్యే ఆ కథను తమిళంలో “కాలం మారిపోచ్చు”గా తీసినప్పుడు పేరు అర్థంతో సహా ప్రయాణం చేసింది.

పాటకు ఆ అదృష్టం లేదు. కొసరాజు రచనకు మాస్టర్ వేణు స్వరపరచగా, వహీదా రెహమాన్ ఆడిన ఏరువాక పాట వరస 1960లో ఎస్.డి. బర్మన్ సంగీతంలో “బంబయీ కా బాబూ” చిత్రానికి చేరింది. మాటలు రాసిన మజ్రూ సుల్తాన్‌పురి అభ్యుదయ కవి, జైలుకు వెళ్ళినవాడు. అయినా అక్కడ అది సరసపు పాటే అయింది. వరస బొంబాయి చేరింది, నాగలి యిక్కడే వుండిపోయింది.

2016లో మారుతి కథతో మరొక “రోజులు మారాయి” వచ్చింది. నగరంలోని యువతుల ప్రేమలు, పెళ్ళి లెక్కలు దాని హాస్యానికి వస్తువు. “యీ కాలపు ఆడపిల్లలు యిలా తయారయ్యారు” అన్న గొణుగుడు దానికి ఆధారం. రైతు లాక్కొన్న నిట్టూర్పు తిరిగి పెద్దమనుషుల నోటికి చేరింది. యీసారి బోనులో నిలబడినది స్త్రీ. పేరు మళ్ళీ వాడినందుకు నాకు అభ్యంతరం లేదు. జనం మాట యెవరి సొత్తూ కాదు. అర్థాన్ని వెనక్కు తిప్పినందుకే నా ఆక్షేపణ.

హాస్యచిత్రం మీద యింత బరువెందుకని కొందరు అడగవచ్చు. “కన్యాశుల్కం” కూడా పెళ్ళి లెక్కల మీది హాస్యమే. గురజాడ పిల్లను అమ్మేవాణ్ణీ కొనేవాణ్ణీ చూసి నవ్వించాడు, అమ్ముడుపోయే పిల్లను చూసి కాదు. నవ్వుకూ పక్షం వుంటుంది.

యిక మొదటి చిత్రం అడిగిన ప్రశ్న తీరిందా? 2011 ఖరీఫ్‌లో గిట్టుబాటు లేక కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించారు. ఆ యేడే కౌలుదార్లకు రుణ అర్హత కార్డుల చట్టం వచ్చింది. 2019లో దాని స్థానంలో వచ్చిన చట్టం సాగు హక్కు కార్డుకు భూయజమాని అంగీకారం కావాలన్నది. సంతకం పెడితే భూమి పోతుందేమోనని యజమాని భయం. సంతకం లేకపోతే కౌలు రైతుకు బ్యాంకు అప్పు దొరకదు. ఆ సంతకం కోసం కామందు అరుగు దగ్గర నిలబడిన మనిషి కథకు యెవరైనా “రోజులు మారాయి” అని పేరు పెడితే, చివర ఒక ప్రశ్నార్థకం చేర్చవలసి వుంటుంది.