పెద్దలకు మైకు అప్పగించిన కుర్రాళ్లు

అమెరికన్ కంట్రీ సంగీతంలో ‘విల్ ద సర్కిల్ బి అన్‌బ్రోకెన్’ ఆల్బమ్‌ను ప్రాణంగా చూసుకునేవాళ్లను అందులో ఏది ఇష్టమని అడిగి చూడండి. పాట పేరు కాకుండా పాటల మధ్య వచ్చే కబుర్లను చెప్పేవాళ్లు తప్పకుండా తగులుతారు. ముఖ్యంగా డాక్ వాట్సన్, మెర్ల్ ట్రావిస్ పలకరించుకునే చోటు. ఇద్దరూ గిటారులో దిగ్గజాలే, అయినా అంతకుముందు ఎన్నడూ ఎదురుపడలేదు. పుట్టుగుడ్డి కాకపోయినా పసితనంలోనే చూపు పోయిన డాక్, ట్రావిస్ రికార్డులు వింటూ పెరిగినవాడు. నా కొడుక్కి నీ పేరే పెట్టుకున్నాను అని అక్కడ స్టూడియోలో, టేపు తిరుగుతుండగా, ఆయనతో చెబుతాడు. ఆ మాటలో నాటకం లేదు. ట్రావిస్ ఇబ్బందిగా, సంబరంగా ఏదో గొణుగుతాడు. తరవాత ఇద్దరూ వాయించే పనిలో పడతారు.

ఆ కబుర్లు ఆల్బమ్‌లోకి అనుకోకుండా వచ్చి పడినవి కావు. 1971 ఆగస్టులో నాష్‌విల్‌లోని వుడ్‌లాండ్ సౌండ్ స్టూడియోలో ఆరు రోజులపాటు రికార్డింగ్ జరిగింది. పాటలకు వాడే టేపు ఒకటి, అది కాక పొద్దస్తమానం ఆపకుండా తిరిగే మరో టేపు ఒకటి. శ్రుతి చూసుకోవడం, ఎవరు ముందు ఎత్తుకోవాలో తేల్చుకోవడం, పరాచికాలు, గొంతు సవరింపులు అన్నీ ఈ రెండోదానిలోకి వెళ్లాయి. నిర్మాత విలియం మెక్యూయెన్ తరవాత కూర్చుని వాటిలోంచి ఏరి పాటల నడుమ పొదిగాడు. ఎక్కువ పెట్టి ఉంటే విసుగొచ్చేది. ఒక పాటకు ఊపిరి తీసుకునేంత మేరకే పెట్టాడు.

ఈ ఆల్బమ్ ఎవరి పేరు మీద వచ్చిందో చూస్తే విచిత్రంగా ఉంటుంది. నిట్టీ గ్రిట్టీ డర్ట్ బ్యాండ్ అనేది 1966లో కాలిఫోర్నియాలోని లాంగ్ బీచ్‌లో పుట్టిన కుర్రాళ్ల జట్టు. జెఫ్ హన్నా, జిమ్మీ ఫాడెన్, జాన్ మెక్యూయెన్, జిమ్మీ ఇబ్బట్‌సన్, లెస్ థాంప్సన్. జుట్టు పెంచారు, గడ్డాలు పెంచారు. ‘మిస్టర్ బోజాంగిల్స్’ పాటతో రేడియోల్లో మోగుతున్నారు. అలాంటి ఊపులో ఉన్నవాళ్లు మరో హిట్టు కోసం వెతుక్కోవాలి. వీళ్లు మాత్రం తమకు వాయిద్యం నేర్పిన రికార్డుల వెనక ఉన్న మనుషుల్ని వెతుక్కుంటూ వెళ్లారు. జాన్ మెక్యూయెన్ ముందు బాంజో విద్వాంసుడు ఎర్ల్ స్క్రగ్స్‌ను అడిగాడు. ఆయన ఒప్పుకున్నాక డాక్ వాట్సన్‌ను అడిగాడు. అక్కణ్నుంచి ఒకరి మాట మీద ఒకరు వచ్చారు.

రానివాడూ ఉన్నాడు. కంట్రీలో ఒక శాఖ అయిన బ్లూగ్రాస్‌కు ఆద్యుడని పేరున్న బిల్ మన్రో కాదన్నాడు. అప్పటి గాలి అలాంటిది. 1968లో బర్డ్స్ అనే రాక్ జట్టు నాష్‌విల్‌లో కంట్రీ సంగీతానికి పెద్దపీట అయిన గ్రాండ్ ఓల్ ఓప్రీ వేదిక ఎక్కితే సభ చల్లగా మొహం చాటేసింది. వియత్నాం యుద్ధం నడుస్తోంది. మనిషి ఏ పక్షమో జుట్టు పొడవును బట్టి తేల్చేస్తున్న రోజులు. ఓప్రీకి పెద్దదిక్కులాంటి రాయ్ ఎకఫ్ కూడా ఈ గడ్డాల వాళ్లను మొదట అనుమానంగానే చూశాడు. అప్పటిదాకా తీసిన టేపులు విన్నాక మెత్తబడి వచ్చి పాడాడు. పాటను ఎన్నిసార్లు మళ్లీ పాడితే అంత పస పోతుంది, మొదటిసారే కుదరాలి అన్నది ఆయన సిద్ధాంతం. ఆ మాట కూడా రికార్డులో ఉంది.

ఆ సిద్ధాంతానికి తగ్గట్టే ఉంది రికార్డింగ్ పద్ధతి. 1971 నాటికి పదహారు ట్రాకుల యంత్రాలు వచ్చేశాయి. ఒక్కో వాయిద్యాన్ని ఒక్కో ట్రాకు మీద పట్టుకుని, తరవాత తీరిగ్గా కూర్చుని ఇది పెంచి అది తగ్గించి, తప్పు పోయిన చోట అతుకు వేసుకోవచ్చు. వీళ్లు నేరుగా రెండు ట్రాకుల మీదికి దించేశారు. దించాక ఇక మార్చేది లేదు. ఫిడేలు ఎక్కువైతే ఎక్కువైనట్టే, గొంతు వణికితే వణికినట్టే. అలాంటప్పుడు సమతూకం ఇంజినీరు మీటల్లో కాదు, వాయించేవాళ్ల చెవుల్లో ఉండాలి. పాడేవాళ్లు నోరు తెరవగానే తీగలన్నీ ఒక మెట్టు దిగడం, చరణం ముగిసేలోపు ఒకరు మైకు వైపు జరగడం, వాయించి మళ్లీ వెనక్కి తగ్గడం. హెడ్‌ఫోన్లు పెట్టుకుని వింటే ఈ కదలిక తెలిసిపోతుంది.

ఈ ఆల్బమ్‌ను పని నేర్చుకునేవాళ్ల కళ్లతో చూడాలంటే గిటారు దగ్గర ఆగాలి. ఒకే వాయిద్యానికి మూడు వేర్వేరు చేతివాటాలు, వాటిని పుట్టించిన లేదా పండించిన మనుషులతో సహా, ఇక్కడ ఒక్క చోట చేరాయి.

మేబెల్ కార్టర్ అందరికీ ‘మదర్ మేబెల్’. 1927లో బ్రిస్టల్‌లో తొలి రికార్డులిచ్చిన కార్టర్ కుటుంబంలో ఆవిడ ఒకరు. ఇక్కడికి వచ్చేసరికి వయసు 62. ఆవిడ పద్ధతిలో బొటనవేలు కింది స్థాయి తీగల మీద పాట వరసను పలికిస్తుంది, చూపుడువేలు పై స్థాయి తీగలను రాస్తూ లయ నిలబెడుతుంది. వరస మందంగా కింద, జల్లు పైన. ‘కీప్ ఆన్ ద సన్నీ సైడ్’లో ఆవిడ చెయ్యి ఎక్కడా తొందరపడదు. గొంతు కూడా అంతే. పై స్థాయికి సాగదీయకుండా ఉన్నచోటే నిలబడి పాడుతుంది.

ట్రావిస్‌ది దీనికి సరిగ్గా తలకిందులు. కెంటకీ బొగ్గుగనుల ప్రాంతంలో, గని కార్మికుడి ఇంట్లో పెరిగినవాడు. బొటనవేలు కింది తీగల మధ్య అటూ ఇటూ నడుస్తూ తాళం వేస్తుంది. అరచేతి అంచు ఆనించి ఆ తీగల మోతను అణచి ఉంచుతాడు కాబట్టి అది మద్దెల దెబ్బలా పొడిగా పడుతుంది. పాట అంతా చూపుడువేలుతో పైన. వీణలో చిటికెనవేలు తాళపు తీగలు మీటుతుంటే మిగతా వేళ్లు రాగం నడిపించడం చూసినవాళ్లకు ఈ పని విభజన వెంటనే అర్థమవుతుంది. ‘కానన్‌బాల్ రాగ్’ వింటే ఇద్దరు వాయిస్తున్నారనే అనుకుంటాం. ఆ చేతే ‘డార్క్ యాజ్ ఎ డంజన్’లో దాదాపు ఏమీ చెయ్యదు. గనుల జోలికి పోవద్దని కుర్రవాళ్లను హెచ్చరించే పాట అది, ఆయన స్వయంగా రాసింది. అక్కడ గిటారు గొంతుకు నీడలా వెంట నడిచి ఊరుకుంటుంది. తనకు వచ్చిన విద్యంతా ప్రదర్శించకుండా ఆపుకున్న ఆ పాటే నాకు ‘కానన్‌బాల్’ కన్నా గొప్ప పనితనంగా కనిపిస్తుంది.

మూడోది డాక్ వాట్సన్ చెయ్యి. ఇటు మేబెల్ రికార్డులు, అటు ట్రావిస్ రికార్డులు విని నేర్చుకున్నా, ఆయనకు సొంత దారి ఒక లోటు వల్ల దొరికింది. టెనెస్సీలో ఆయన వాయించిన బృందంలో ఫిడేలు కళాకారుడు చాలావరకు ఉండేవాడు కాదు. డాన్సులకు వచ్చే జనానికి మాత్రం ఫిడేలు వరసలే కావాలి. డాక్ వాటిని ఎలక్ట్రిక్ గిటారు మీద, చిన్న ప్లాస్టిక్ పలకతో, స్వరానికి ఒక మీటు చొప్పున పైకీ కిందికీ కొడుతూ పలికించడం మొదలుపెట్టాడు. తరవాత అదే వేగాన్ని మామూలు చెక్క గిటారు మీదికి తెచ్చాడు. ‘బ్లాక్ మౌంటెన్ రాగ్’లో ఒక్క స్వరం కూడా పక్కదానిలో కలిసిపోదు. అంత వేగంలోనూ ప్రతిదీ విడివిడిగా, గుండ్రంగా రాలుతుంది.

బాంజోలో ఎర్ల్ స్క్రగ్స్ మూడువేళ్ల వాయింపు గురించి ఎంతైనా రాయొచ్చు. ఒక్క సంగతి చాలు. ‘ఫ్లింట్ హిల్ స్పెషల్’లో తీగ వాయిస్తుండగానే జారి కిందికి వెళ్లి మళ్లీ పైకి వస్తుంది. అందుకోసం ఆయన బాంజో తలకట్టు మీద మరలు బిగించుకున్నాడు. తిప్పితే తీగ సరిగ్గా కావలసిన స్వరం దగ్గర ఆగుతుంది, వెనక్కి తిప్పితే సరిగ్గా మొదటి చోటికి వస్తుంది. విద్వాంసుడే కమ్మరి పని కూడా చేసుకున్న సందర్భం. అయితే మూడు రికార్డుల ఈ ఆల్బమ్‌లో ఇలాంటి వేగపు గతులు వరసగా వచ్చే రెండో రికార్డు వెనక వైపు కాస్త బరువే. ఒకటి తరవాత ఒకటిగా అంత పరుగు వింటే చెవి అలిసిపోతుంది. మధ్యలో ఇంకో పాట పెట్టి ఉండాల్సింది.

ఇంతమంది మధ్య డర్ట్ బ్యాండ్ ఏం చేసింది? అడ్డం రాలేదు, అంతే. చెప్పినంత తేలిక కాదది. బ్లూగ్రాస్ గాయకుడు జిమ్మీ మార్టిన్ పాడుతుంటే లయ కత్తి అంచు మీద నడవాలి, మేబెల్ పాడుతుంటే అదే లయ కూర్చుని సేదదీరాలి. ఫాడెన్ మౌతార్గాన్ ఎక్కడ వస్తుందో, ఎక్కడ మౌనంగా ఉంటుందో గమనిస్తే వాళ్లు ఎంత విని వాయించారో తెలుస్తుంది. కంట్రీ గాయకుడు హ్యాంక్ విలియమ్స్ పాటలు ఒకటి రెండు తామే పాడుకున్నారు. బాగానే ఉంటాయి. పెద్దల పక్కన కాస్త లేతగా ఉంటాయి.

జిమ్మీ మార్టిన్ గురించి ఒక మాట. ఆల్బమ్ ఆయన పాడిన ‘గ్రాండ్ ఓల్ ఓప్రీ సాంగ్’తో మొదలవుతుంది, ఆ వేదిక మీది పెద్దల్ని పేరుపేరునా తలుచుకుంటూ. 2005లో పోయేదాకా ఆయన్ను ఓప్రీ తన సభ్యుడిగా చేర్చుకోలేదు. అది తెలిసి వింటే ఆ గొంతులోని ఉత్సాహం ఇంకోలా వినిపిస్తుంది.

పేర్లు పెద్ద అక్షరాల్లో లేనివాళ్ల పని కూడా వదలకూడదు. వాసర్ క్లెమెంట్స్ ఫిడేలు బ్లూగ్రాస్‌లో మొదలై జాజ్ వైపు ఒరిగి, పాట చెయ్యి విడవకుండా తిరిగొస్తుంది. ఆయన పేరు కొత్త తరానికి తెలిసింది ఈ ఆల్బమ్‌తోనే. నిలువు బేస్ మీద జూనియర్ హస్కీ. వాయిద్యాలన్నీ నిలబడిన నేల ఆయనదే. ఈ రికార్డింగ్ అయిన కొద్ది వారాలకే, 1971 సెప్టెంబరులో, కన్నుమూశాడు.

మూడు రికార్డుల సెట్టుగా 1972లో యునైటెడ్ ఆర్టిస్ట్స్ విడుదల చేసింది. తరవాత అమెరికా కాంగ్రెస్ లైబ్రరీ వాళ్ల జాతీయ రికార్డింగుల పట్టికలోకీ ఎక్కింది. 1989లో రెండో భాగం, 2002లో మూడోది వచ్చాయి. రెండూ శుభ్రంగా ఉంటాయి. మొదటిదానిలోని గరుకుదనం వాటిలో లేదు, నేను మళ్లీ మళ్లీ వాటి దగ్గరికి వెళ్లను.

కొత్తగా వినేవాళ్లు మూడు రికార్డులూ ఒక్క బిగిన వినకండి. డాక్ పాడిన ‘టెనెస్సీ స్టడ్’తో మొదలుపెట్టండి. ఆర్కన్సా బడిపంతులు జిమ్మీ డ్రిఫ్ట్‌వుడ్ రాసిన గుర్రం కథ అది, భాష పూర్తిగా అందకపోయినా నడక అందుతుంది. అక్కణ్నుంచి ట్రావిస్‌కు, ఆ పైన మేబెల్‌కు వెళ్లండి. అందరూ గొంతు కలిపే పేరుపాట దాకా వచ్చేసరికి ఎవరి గొంతు ఏదో మీకే తెలిసిపోతుంది. బాంజోల పరుగున్న ఆ రికార్డు వైపును ఆదివారానికి దాచుకోండి.