తట్టి చూసి కొనాల్సిన ఇనుము

అంబాసిడర్ బానెట్ ఎత్తి డిప్‌స్టిక్ లాగితే ఆయిల్ మజ్జిగ రంగులో కనిపించిందంటే, నీళ్లు లోపలికి దిగినట్టే. హెడ్ గ్యాస్కెట్ ఒక్కటే పోయుంటే అదృష్టం. సిలిండర్ హెడ్డే పగిలితే వెతుకులాట తప్పదు. ఉత్తరపారా ఫ్యాక్టరీలో ఈ కారు తయారీ 2014లోనే ఆగిపోయింది. ఇక దిక్కు పాత ఇనుము కొట్లే.

వెళ్లేముందు ఏ హెడ్ కావాలో తెలిసుండాలి. పాత పెట్రోల్ అంబాసిడర్లలో చాలాకాలం నడిచింది బీఎంసీ బి-సిరీస్ 1489 సీసీ ఇంజన్. అదే 1489 సీసీలో డీజిల్ ఇంజన్ కూడా వచ్చింది. ఊరికే ‘అంబాసిడర్ హెడ్’ అని అడిగితే ఏదో ఒకటి చేతిలో పెడతారు. తిరగేసి చూడండి. పెట్రోల్ హెడ్‌లో ఒక్కో సిలిండర్ మీద తమలపాకు ఆకారంలో గుంట ఉంటుంది, రెండు వాల్వుల మధ్యకు ఇనుము ముక్కులా పొడుచుకొస్తుంది. లోపలికొచ్చిన పెట్రోలూ గాలీ బాగా కలిసి సమంగా మండాలని హ్యారీ వెస్లేక్ అనే ఇంగ్లిష్ ఇంజనీరు ఇచ్చిన రూపం అది. నాకైతే ఎన్నిసార్లు చూసినా తనివి తీరదు. ఇదే కుటుంబానికి చెందిన ఎంజీబీ కారు హెడ్ విదేశాల్లో తేలిగ్గా దొరుకుతుంది గానీ, దాని గుంట పెద్దది. మన చిన్న ఇంజన్ మీద ఎక్కిస్తే కంప్రెషన్ పడిపోతుంది.

బెజవాడ ఆటోనగర్‌లో ఒక పెద్ద మేస్త్రీ నా కళ్ల ముందే హెడ్‌ను తీగతో వేలాడదీసి చిన్న సుత్తితో తట్టారు. ఖంగుమంది. పక్కనున్న ఇంకోదాన్ని తడితే సద్దు మొద్దుగా వచ్చింది. “కుండ కొనేటప్పుడు తట్టి చూస్తాం కదా బాబూ, ఇదీ అంతే” అన్నారు. తర్వాత దాని వాల్వ్ సీట్ల చుట్టూ కిరసనాయిలు పూసి, శుభ్రంగా తుడిచి, సుద్దపొడి చల్లారు. కాసేపటికి మధ్య సిలిండర్ల దగ్గర వెంట్రుకంత నల్లగీత పైకి తేలింది. ఈ ఇంజన్‌లో రెండు, మూడు సిలిండర్ల పొగ ఒకే దారిన బయటికి పోతుంది. వేడంతా అక్కడే పేరుకుంటుంది కనుక సీట్ల మధ్య పగుళ్లు ఎక్కువగా వచ్చేదీ అక్కడే.

ఖంగుమన్నంత మాత్రాన సరిపోదు. నీటి దారులు మూసి, గాలి పట్టించి, వేడినీళ్లలో ముంచాలి. చల్లగా ఉన్నప్పుడు దాక్కున్న పగులు వేడికి నోరు తెరిచి బుడగలు కక్కుతుంది. ఆ పరీక్షకు ఒప్పుకోని కొట్టువాడి దగ్గర కొనొద్దు.

ఇంకో చిక్కు పెట్రోల్‌తో వచ్చింది. సీసం ఉన్న పెట్రోల్ మన దేశంలో 2000తో పోయింది. ఆ సీసమే ఎగ్జాస్ట్ సీట్ల మీద పొరలా నిలిచి వాటిని కాపాడేది. అదిలేక మెత్తటి పోత ఇనుము అరిగి వాల్వు లోపలికి దిగిపోతుంది. అందుకే దొరికిన హెడ్‌కు గట్టి లోహపు సీట్ రింగులు వేయించాలి. లేత్ మీద ఒక్క నూలు లోతెక్కువ తీసినా వెనకున్న నీటి గదికి చిల్లు పడుతుంది. తొందరపడే చేతికి ఈ పని ఇవ్వకూడదు.

ఎక్కించేటప్పుడు 11 నట్లనూ మధ్య నుంచి అంచులకు, కొంచెం కొంచెంగా, వరస తప్పకుండా బిగించాలి. ఒక మూల ముందు బిగిస్తే ఇన్నాళ్ల వెతుకులాటా ఆ మూలనే వంకరపోతుంది.

పగిలిన హెడ్‌ను తూకానికి వేయకండి. పగులు వెంట వరసగా రంధ్రాలు తొలిచి, మరపిన్నులు బిగించి, చల్లగానే కుట్టే పనివాళ్లున్నారు. మాదాన్ని ఆయిల్ పూసి గోనెసంచిలో చుట్టి పెట్టాను.