తూర్పు ముఖంగా పన్నెండు భంగిమలు

శ్రీహరికోట నుంచి తూర్పుకు ఎగిరే రాకెట్‌కు భూమి ఒక చేయి వేస్తుంది. పడమటి నుంచి తూర్పుకు తిరిగే నేల, అక్కడ సెకనుకు దాదాపు 450 మీటర్ల వేగాన్ని ముందే ఇచ్చి పంపుతుంది. ఎదురుగా బంగాళాఖాతం, వెనుక పులికాట్ సరస్సు. ఈ దీవిని ఎంచుకున్నది 1969లో. అప్పటి మన అంతరిక్ష కార్యక్రమానికి సారథి విక్రమ్ సారాభాయ్. రోజూ పొద్దున్నే సూర్య నమస్కారాలు చేసే మనిషి ఆయన.

ఈ అలవాటును చిన్న విషయంగా తీసిపారేయలేం. 1966 నుంచి అణుశక్తి సంఘం బాధ్యత కూడా ఆయన మీదే పడింది. అహ్మదాబాద్, బొంబాయి, ఢిల్లీ, తిరువనంతపురం మధ్య ఎడతెగని ప్రయాణాలు. ఒకసారి అబ్దుల్ కలాంను ఢిల్లీ అశోకా హోటల్‌కు ఆయన రమ్మన్నది తెల్లవారుజామున మూడున్నరకు! ఇలాంటి దినచర్యలో వ్యాయామశాలకు, ఆటస్థలానికి చోటెక్కడిది? సూర్య నమస్కారానికి మనిషి పొడవు నేల ఉంటే చాలు. ఏ ఊళ్లో తెల్లవారినా చేసుకోవచ్చు. దాని మొదటి గొప్పతనం ఇదేనని నా నమ్మకం.

రెండోది దాని అల్లిక. నిటారుగా నిలిచి చేతులు జోడిస్తే ప్రణామాసనం. ఊపిరి తీసుకుంటూ చేతులెత్తి వెనక్కి వాలాలి. వదులుతూ ముందుకు వంగి అరచేతులు పాదాల పక్కన ఆనించాలి. తీసుకుంటూ ఒక కాలు వెనక్కి చాచాలి. వదులుతూ రెండో కాలూ వెనక్కి పంపి నడుము పైకెత్తితే పర్వతాసనం. తర్వాతిది అష్టాంగ నమస్కారం. రెండు పాదాలు, రెండు మోకాళ్లు, రెండు అరచేతులు, ఛాతీ, గడ్డం నేలను తాకుతాయి. పొట్ట మాత్రం తాకదు. ఊపిరి బయటే ఆగి ఉండే ఒకే ఒక్క ఘట్టం ఇది. ఊపిరి తీసుకుంటూ ఛాతీ ఎత్తితే భుజంగాసనం. అక్కడి నుంచి నేరుగా పర్వతాసనానికి లేచి, మిగతాది వచ్చిన దారినే తిరిగి నిలబడతాం. ముందుకు వంగితే ఊపిరి బయటికి, ఛాతీ విచ్చుకుంటే లోపలికి: ఈ ఒక్క సూత్రం పట్టుబడితే వరస దానంతటదే గుర్తుంటుంది.

చాలామంది పొరపాటు చేసేది మూడో భంగిమలో. వెన్ను గుండ్రంగా వంచి నేలను అందుకోవాలని తంటాలు పడతారు. వంగవలసింది తుంటి దగ్గర. అందకపోతే మోకాళ్లు కాస్త సడలించాలి. అక్కడ ఆనించిన అరచేతులు పదో భంగిమ దాకా కదలకూడదు. భుజంగాసనంలో చేతులతో నెట్టుకుని లేవడం ఇంకో తప్పు. పని చేయాల్సింది వీపు కండరాలు. నడుము డిస్కు జారినవాళ్లు, రక్తపోటు అదుపులో లేనివాళ్లు వైద్యుణ్ణి అడిగాకే మొదలుపెట్టాలి.

సూర్య నమస్కారాలను వ్యాయామంగా దేశమంతటా చాటినవారిలో ముఖ్యుడు ఔంధ్ రాజు భవన్‌రావ్ పంత్ ప్రతినిధి. 1928లో దీని మీద పుస్తకమే రాశారు. మన ఇళ్లలో ఆరోగ్యం కోసం అరుణమనే వేదమంత్రాలు చదివిస్తూ నమస్కారాలు చేయించడం అంతకంటే పాత ఆచారం. రథసప్తమి నాడు అరసవల్లి సూర్యదేవాలయానికి వెళ్లే జనానికి సూర్యుడంటే ఆరోగ్యమని వేరే చెప్పనక్కర్లేదు.

శ్రీహరికోట నుంచి తొలి రోహిణి రాకెట్ ఎగిరింది 1971 అక్టోబరు 9న. మూడు నెలలైనా తిరక్కుండానే, డిసెంబరు 30న, కోవళంలో సారాభాయ్ గుండె ఆగిపోయింది. వయసు 52. వ్యాయామం వల్ల ఏం లాభమని కొందరు దీన్నే చూపిస్తారు. ఆ మాట నాకు నచ్చదు. రెండు మహా సంస్థల బరువును విశ్రాంతి లేకుండా మోసిన ఒంటికి పొద్దుటి నమస్కారాలు బలమే ఇచ్చాయి. నిద్రకు బదులు మాత్రం కాలేకపోయాయి.

ఈ వ్యాయామంలో మనం ఎత్తే బరువు మన ఒళ్లే. భూమి లాగుతుంది కాబట్టే అది బరువు. 1984లో సల్యూత్-7 అంతరిక్ష కేంద్రంలో యోగాసనాలు వేసిన వ్యోమగామి రాకేశ్ శర్మకు ఆ లాగుడు లేక పట్టీలు బిగించుకోవాల్సి వచ్చింది. భారరహిత స్థితిలో కండ కరుగుతుంది, ఎముక పలచబడుతుంది. అందుకే కక్ష్యలో ఉన్నవాళ్లకు రోజూ వ్యాయామం తప్పనిసరి. శ్రీహరికోట నుంచి బయలుదేరాల్సిన గగన్‌యాన్ వ్యోమగాముల శిక్షణలోనూ యోగా ఉంది.