ఆఖరి గుండీ

ఈ వారం గుడివాడలో ఒక పెళ్ళికి వెళ్ళాను. భోజనాల దగ్గర మా పిన్ని కూతురు నా పక్కన కూర్చుంది. దివిసీమ వైపు ఒక భవిత కేంద్రంలో ఐఈఆర్‌పీగా (ఇన్‌క్లూజివ్ ఎడ్యుకేషన్ రిసోర్స్ పర్సన్) పనిచేస్తోంది. ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు అక్కడ చదువూ, రోజువారీ పనులూ నేర్పుతుంది. కేంద్రానికి రాలేని పిల్లలుంటే కాలవగట్ల వెంట వాళ్ళ ఇళ్ళకే వెళ్తుంది. ఎదుటి వరుసలో పెద్దాయన "ఎంత పుణ్యం చేసుకుంటున్నావమ్మా!" అన్నారు. పక్కనున్నావిడ వెంటనే, "చూపు లేకపోయినా అమెరికా వెళ్ళి ఎంఐటీలో చదివిన బొల్లా శ్రీకాంత్ మన జిల్లావాడేగా! మీ దగ్గర అలాంటి పిల్లలెవరైనా ఉన్నారా?" అని అడిగారు.

"మొన్ననే ఒకడు చొక్కా గుండీ తనే పెట్టుకున్నాడండీ" అంది చెల్లెలు. ఆవిడ జాలిగా తలూపి మాట మార్చేశారు.

నాకు కోపమొచ్చింది. పుణ్యమన్న మాట ఆమె పనిని పై లోకానికి పంపేసింది, శ్రీకాంత్ పేరు అమెరికాకు పంపేసింది. దివిసీమలో చాప మీద కూర్చుని ఆమె చేసే పనిని చూసినవాళ్ళు ఎవరూ లేరు. ఈ కాలమ్ చదివేవాళ్ళకు నా పట్టుదల తెలుసు. కొండపల్లి బొమ్మల మీద రాసినా, పెడన కలంకారీ మీద రాసినా నేను చెప్పేది ఒకటే: పనిలో తృప్తి పనితనంలోంచి వస్తుంది, పొగడ్తలోంచి రాదు. అందుకే ఆ గుండీ సంగతి విడమరచి చెప్పమన్నాను.

మనకు గుండీ పెట్టుకోవడం ఒకటే పని. ఆమె లెక్కలో అది ఎన్నో పనులు. చొక్కా అంచు పట్టుకోవాలి, కాజా వెతుక్కోవాలి, గుండీని అందులోకి నెట్టాలి, అవతల రెండో చేత్తో అందుకోవాలి, లాగాలి. మొదటినుంచి నేర్పితే చాలామంది పిల్లలు మధ్యలోనే విసిగి ఏడుస్తారు. అందుకని వెనకనుంచి మొదలుపెడతారు. అన్నీ టీచరే చేసి, సగం దూరిన గుండీని లాగడం మాత్రం పిల్లవాడికి వదిలేస్తుంది. అంటే మొదటిరోజే పని ముగించింది వాడే. అది చేతికి పట్టుబడ్డాక దాని ముందు మెట్టు వదులుతుంది, తర్వాత ఆ ముందుది. చివరికి ఆమె చేతులు పూర్తిగా తప్పుకుంటాయి.

"వేళ్ళు ఊరుకోవన్నయ్యా. వాడు తడుముకుంటుంటే నేనే పెట్టేద్దామనిపిస్తుంది. ఆపుకోవడమే కష్టం. వాళ్ళమ్మలకు నేర్పడం ఇంకా కష్టం" అంది.

ఇదంతా విన్నాక, ప్రతి మాటలోకీ శ్రీకాంత్‌ను లాక్కురాకండి అని గట్టిగా రాయాలనుకున్నాను. ఆమె పిల్లల్లో చాలామంది ఎంఐటీకి వెళ్ళరు, వెళ్ళకపోయినా వాళ్ళకేం లోటు లేదు. కానీ ఆ కథను మళ్ళీ మొదటినుంచి తలుచుకుంటే ఆ వాక్యం రాయలేకపోయాను.

మచిలీపట్నం దగ్గరి సీతారామపురంలో రైతు కుటుంబంలో పుట్టాడు శ్రీకాంత్, పుట్టుకతోనే చూపు లేదు. పదో తరగతి అయ్యాక ఇంటర్లో సైన్సు తీసుకుంటానంటే, చూపులేనివాళ్ళకు కుదరదన్నారు. కోర్టుకు వెళ్ళి ఆ హక్కు సాధించుకున్నాడు. 98 శాతం మార్కులు, ఎంఐటీ, 2012లో సొంత కంపెనీ బొల్లాంట్ ఇండస్ట్రీస్, 2024లో అతని జీవితం మీద హిందీ సినిమా. మనం ఈ కథ చెప్పుకునేటప్పుడు కోర్టు తీర్పు నుంచి 98 శాతానికి ఒక్క అంగలో దూకేస్తాం. ఆ మధ్యలో పాఠ్యపుస్తకాలన్నీ చెవితో వినే పాఠాలు కావాలి. ఆ పనిలో అండగా నిలిచింది అతని టీచర్ స్వర్ణలత.

సైన్సు పుస్తకంలోని ఒక్క కటకం బొమ్మ తీసుకోండి. కిరణం ఎటునుంచి వచ్చి ఎటు వంగిందో కళ్ళున్నవాడికి చూడగానే తెలుస్తుంది. దాన్ని గొంతుతో చెప్పాలంటే ఏది ముందు చెప్పాలి? ఎంత చెప్పాలి? తక్కువైతే బొమ్మ మనసులో కట్టదు. ఎక్కువైతే విద్యార్థి తేల్చుకోవలసిన జవాబు టీచరే చెప్పేసినట్టవుతుంది. ఎక్కడో ఒకచోట ఆగి మిగతాది అతనికి వదలాలి. దివిసీమ చెల్లెలు గుండీ దగ్గర చేస్తున్నదీ అదే. కాబట్టి పెళ్ళిభోజనాల్లో శ్రీకాంత్ పేరు తప్పకుండా ఎత్తండి. ఎత్తినప్పుడు ఆ టీచరు గురించి కూడా అడగండి.

ఇక నా పాత పట్టుదల. బొమ్మకు ఆఖరి రంగు తన చేత్తో వేసి పక్కన పెట్టడంలోనే పనివాడి తృప్తి ఉందని ఎన్నోసార్లు రాశాను. ఈ వృత్తిలో ఆ మాట చెల్లదు. ఇక్కడ చెయ్యి తిరిగిన మనిషి ఆఖరి పని తాను చెయ్యదు. వేరొకరు ముగిస్తుంటే చూస్తూ కూర్చుంటుంది, ఆ కూర్చోవడంలో ఆమెకున్న ఆనందం పెళ్ళిపందిట్లో ఆమె ముఖంలో చూశాను.

ఆ ఆనందాన్ని జీతంలో భాగంగా లెక్కగట్టకూడదు. ప్రాథమిక స్థాయిలో ఇలాంటి పిల్లలు 10 మందికి, ఆపై తరగతుల్లో 15 మందికి ఒక ప్రత్యేక ఉపాధ్యాయుడు ఉండాలని 2021లో సుప్రీంకోర్టు చెప్పింది. 2025లో మన రాష్ట్రం 2,260 పోస్టులు మంజూరు చేసింది. ఏళ్ళతరబడి కాంట్రాక్టు మీద ఈ పని చేసినవాళ్ళ అనుభవానికి వాటిలో విలువ ఇవ్వాలి. కొత్తగా చేరేవాళ్ళను ముందు కొన్ని నెలలపాటు వీళ్ళ పక్కనే, అదే చాప మీద కూర్చోబెట్టాలి.