పక్కన ఇంకో పెట్టె ఉండాలి

హేలో ప్లేస్టేషన్‌కు వస్తోంది. 2025 అక్టోబర్ 24న ఈ ప్రకటన విన్నప్పటి నుంచి నాకు మహా సంతోషంగా ఉంది. 2001 నవంబరులో మొదటి ఎక్స్‌బాక్స్‌తో పాటే మార్కెట్లోకి వచ్చిన ఆట అది. ఎక్స్‌బాక్స్ అంటే హేలో, హేలో అంటే ఎక్స్‌బాక్స్ అన్నట్టు ఇన్నేళ్ళూ నడిచింది. సోనీ కన్సోల్ గడప ఒక్కసారి కూడా తొక్కలేదు. ఇప్పుడు ఆ తొలి కథనే 'హేలో: క్యాంపెయిన్ ఇవాల్వ్డ్' పేరుతో కొత్తగా తీర్చిదిద్ది, 2026లో ప్లేస్టేషన్ 5 మీద కూడా విడుదల చేస్తామన్నారు.

ఈ కాలమ్‌ను మొదటి నుంచీ చదువుతున్నవాళ్ళకు నా పాత పాట తెలుసు: ఆట ముఖ్యం, పెట్టె కాదు. ఏ కన్సోల్ కొనమంటారని తల్లిదండ్రులు రాసినప్పుడల్లా నేను ఇచ్చే జవాబు ఒకటే. ముందు మీ పిల్లలు ఏ ఆట ఆడాలనుకుంటున్నారో అడగండి, దాన్ని బట్టి పెట్టె కొనండి. యాభై వేలు పోసి ఒక కన్సోల్ కొన్న మధ్యతరగతి ఇంట్లోకి రెండోది రాదు. తాను ఆడాలనుకున్న ఆట పక్క కంపెనీ పెట్టెలోనే ఉందని తెలిసినప్పుడు పిల్లవాడి మొహం చూసినవాళ్ళెవరూ ఈ గోడలను సమర్థించలేరు. కాబట్టి ఒక గోడ కూలిందంటే నాకు పండగే.

అసలు నా తరానికి ఆటలు పరిచయమైనప్పుడు గోడలన్నవే తెలియవు. ఏలూరు పవర్‌పేటలో వేసవి సెలవులకు గంటల లెక్కన వీడియో గేమ్ ఆడనిచ్చే షాపు ఒకటి ఉండేది. చిన్న టీవీ, దాని కింద జపాన్ కంపెనీ నింటెండో చేసిన ఫ్యామికామ్‌కు నకలుగా చేసిన పెట్టె, రెండు కంట్రోలర్లు, పసుపుపచ్చ క్యాసెట్లు. కార్ట్రిడ్జ్ అనే మాట మాకెవరికీ తెలియదు, అది క్యాసెట్టే. ఒక్కో క్యాసెట్ మీద వేల ఆటలున్నాయని రాసి ఉండేది. తీరా చూస్తే ఉన్న కొద్ది ఆటలే మళ్ళీ మళ్ళీ వేరే పేర్లతో వచ్చేవి. చాలా ఆటల్లో తయారుచేసిన కంపెనీ పేరును చెరిపేసేవారు.

మా పెదనాన్న కొడుకు, నేను ఎప్పుడూ ట్యాంకుల ఆటే అడిగేవాళ్ళం. 'బ్యాటిల్ సిటీ' దాని పేరు. తెర అడుగున ఇటుకల మధ్య గద్ద బొమ్మ ఉంటుంది. పైనుంచి శత్రు ట్యాంకులు దిగుతాయి. "ఒరేయ్, నువ్వు గద్ద దగ్గరే ఉండు, నేను పైకెళ్తా" అనేవాడు అన్నయ్య. వాడు పైకెళ్ళి బాంబుల వర్షంలో చిక్కుకుంటే కాపలా వదిలేసి నేనూ వెళ్ళేవాణ్ణి. ఆలోగా ఏదో ఒక ట్యాంకు పక్కనుంచి దూరి గద్దను కొట్టేసేది. దాంతో ఇద్దరి ఆటా అయిపోయేది. ఇంకో అద్భుతం కూడా ఉండేది అందులో: మన మైదానాన్ని మనమే కట్టుకోవచ్చు. గద్ద చుట్టూ ఉక్కు గోడలు, ఆ పైన నీళ్ళు, పక్కన చెట్లు. ఆటను ఎవరో ఒకరు కూర్చుని కడతారని నాకు మొదట తెలిసింది అక్కడే. ఈ కాలమ్ రాసే మనిషి ఆ తెర ముందే తయారయ్యాడు.

ఆ ట్యాంకుల ఆట చేసిన, అప్పట్లో పేరు చెరిపేసిన కంపెనీ నామ్‌కో. మేము పడి చచ్చిన ఆటల్లో మారియో ఒక్కడే నింటెండోవాడు. కాంట్రా, రోడ్ ఫైటర్ చేసింది కొనామి. బాంబర్‌మ్యాన్, అడ్వెంచర్ ఐలాండ్ చేసింది హడ్సన్. అంటే పెట్టె ఒకరిదైనా, మా వేసవి సెలవులను నింపింది బయటి కంపెనీలు, ఇవాళ థర్డ్‌పార్టీ అంటున్నవాళ్ళు. ఈ రంగంలో అన్నిటికంటే మంచి పాఠం ఆ ట్యాంకులవాళ్ళ కథలోనే ఉంది.

నింటెండో ఫ్యామికామ్‌ను 1983 జూలైలో తెచ్చింది. తొలి ఏడాది అన్ని ఆటలూ తనవే. 1984లో హడ్సన్, నామ్‌కో వచ్చి చేరాయి. ప్యాక్‌మ్యాన్ చేసిన నామ్‌కో అప్పటికే ఆర్కేడ్లలో పెద్ద పేరు. ముందుగా వచ్చిన పెద్ద కంపెనీ కాబట్టి మంచి షరతులు దొరికాయి, తన క్యాసెట్లు తానే తయారుచేసుకునే వీలు కూడా దొరికింది. తర్వాత వచ్చినవాళ్ళకు ఆ భాగ్యం లేదు. అమెరికాలో నింటెండో పెట్టిన షరతులు చూడండి: ఏడాదికి ఐదు ఆటలకు మించి విడుదల చేయకూడదు. నింటెండో పెట్టె మీద వచ్చిన ఆటను రెండేళ్ళ వరకు వేరే కన్సోల్‌కు ఇవ్వకూడదు. క్యాసెట్లు నింటెండోనే తయారుచేస్తుంది, డబ్బు ముందే కట్టాలి. ఆట అమ్ముడుపోకపోతే నష్టమంతా చేసినవాడిదే. ఐదు ఆటల పరిమితి దాటడానికి కొనామి అల్ట్రా గేమ్స్ అని ఇంకో పేరు పెట్టుకోవలసి వచ్చింది. అయినా అందరూ సంతకం పెట్టారు. పెట్టక ఎక్కడికి పోతారు? ఇళ్ళన్నిటిలో ఉన్నది ఆ ఒక్క పెట్టే.

1989లో ఒప్పందం తిరగరాయాల్సిన సమయానికి నామ్‌కో పాత సౌకర్యాలు పోయాయి. నింటెండోది గుత్తాధిపత్యమని నామ్‌కో అధినేత మసాయా నకామురా బహిరంగంగానే విమర్శించారు. ఆ మాట అనగలిగే ధైర్యం ఆయనకు వచ్చిందంటే, అప్పటికి పక్కన ఎన్ఈసీ పీసీ ఇంజిన్, సెగా మెగా డ్రైవ్ వచ్చి ఉండటమూ ఒక కారణమని నా నమ్మకం. నామ్‌కో ఆ రెండిటికీ ఆటలు చేసింది. 1990లో ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ సెగా యంత్రాన్ని విప్పి పరిశీలించి, లైసెన్సు లేకుండానే ఆటలు చేయగలనని తేల్చుకుని, ఆ బలంతో సెగా దగ్గర మెరుగైన షరతులు సాధించుకుంది. సెగా పుంజుకుంటున్న ఆ రోజుల్లోనే, 1990ల మొదట్లో, నింటెండో రెండేళ్ళ షరతును వదులుకుంది.

1994 డిసెంబరు 3న సోనీ ప్లేస్టేషన్ జపాన్ దుకాణాల్లోకి వచ్చిన రోజు, దానితో పాటు నామ్‌కో 'రిడ్జ్ రేసర్' వచ్చింది. ప్లేస్టేషన్ సాంకేతికతనే వాడుకుని నామ్‌కో ఆర్కేడ్ బోర్డు చేసింది, దాని మీద 'టెక్కెన్' పుట్టింది. నింటెండో పోటీ పెట్టె నింటెండో 64 మాత్రం క్యాసెట్‌నే పట్టుకుని ఉండిపోయింది. క్యాసెట్ ఖరీదు ఎక్కువ, పట్టే డేటా తక్కువ. సీడీ చౌక, అవసరమైనన్ని వెంటనే ముద్రించుకోవచ్చు. నింటెండో ఇంట్లోనే పెరిగిన స్క్వేర్ కంపెనీ 1997లో 'ఫైనల్ ఫాంటసీ 7'ను మూడు సీడీల్లో నింపి ప్లేస్టేషన్ మీద విడుదల చేసింది. చివరి లెక్కల్లో ప్లేస్టేషన్ 10 కోట్లు దాటింది, నింటెండో 64 సుమారు 3.3 కోట్ల దగ్గర ఆగింది. పెట్టెను గెలిపించేదీ ఓడించేదీ బయటివాళ్ళేనని నేను ఏళ్ళుగా అంటున్నది ఇందుకే.

ఇక్కడితో ఆపేస్తే హేలో వార్త నాకు పూర్తి సంతోషమే కావాలి. కానీ అదే వారం ఇంకో వార్త వచ్చింది. అక్టోబర్ 29న మైక్రోసాఫ్ట్ ప్రకటించిన మూడు నెలల లెక్కల్లో ఎక్స్‌బాక్స్ యంత్రాల మీద వచ్చే ఆదాయం 29 శాతం పడిపోయింది. ఎన్ని యంత్రాలు అమ్మిందో చెప్పడం ఆ కంపెనీ ఏనాడో మానేసింది. రెండు వార్తలూ పక్కపక్కన పెట్టి చదివితే నా సంతోషం సగమైంది. హేలో గోడ దాటుతున్నది అవతలి ఇంటి మీద ప్రేమతో కాదు, సొంత ఇంట్లో జనం తగ్గడంతో.

నకామురాకు ఆనాడు దొరికినది ఇంకో తలుపు. తలుపు ఒక్కటే మిగిలితే ఏమవుతుందో తెలుగు సినిమా ప్రేక్షకులకు నేను వివరించనక్కర్లేదు. థియేటర్లు కొద్దిమంది చేతుల్లో ఉన్నప్పుడు చిన్న నిర్మాత పండగకు తేదీ అడగలేడు, వాటా గురించి నోరెత్తలేడు. కన్సోల్ స్టోర్లలో ప్రతి అమ్మకం మీదా సాధారణంగా 30 శాతం కన్సోల్ కంపెనీకి పోతుంది. పోటీ ఉన్నా ఆ అంకె తగ్గలేదన్నది నిజమే. కానీ పోటీ వేరే మేలు చేసింది. 2013లో చిన్న స్టూడియోలు నేరుగా తమ ఆటలు అమ్ముకునేందుకు సోనీ దారి ఇచ్చింది. పబ్లిషర్ లేనిదే రావద్దన్న మైక్రోసాఫ్ట్ ఆ ఏడాదే మాట మార్చుకుని ఐడీ ఎట్ ఎక్స్‌బాక్స్ కార్యక్రమం మొదలుపెట్టింది. పుణెలోని నాడింగ్ హెడ్స్ గేమ్స్ చేసిన 'రాజీ' 2020 ఆగస్టులో ముందుగా నింటెండో స్విచ్ మీద, అక్టోబరులో మిగతా వాటి మీద వచ్చింది. ముందు ఎవరికివ్వాలో మన దేశపు స్టూడియో ఒకటి ఎంచుకోగలిగిందంటే, ఎంచుకోవడానికి ఒకటికి మించి పెట్టెలు ఉండబట్టే.

పెట్టెలే కాదు, బయటి కంపెనీలూ తగ్గిపోతున్నాయి. యాక్టివిజన్ సంగతి చూడండి. పేరూ ఇవ్వకుండా, అమ్మకాల్లో వాటా ఇవ్వకుండా అటారీ పనిచేయించుకుంటోందని నలుగురు ప్రోగ్రామర్లు బయటికొచ్చి 1979లో పెట్టిన కంపెనీ అది. కన్సోళ్ళకు ఆటలు చేసిన తొలి బయటి కంపెనీ. అటారీ కోర్టుకెక్కినా నిలబడింది. అదే కంపెనీని 2023 అక్టోబరులో మైక్రోసాఫ్ట్ 6,870 కోట్ల డాలర్ల ఒప్పందంతో కొనేసింది. హేలోను సృష్టించిన బంగీని 2000లో మైక్రోసాఫ్ట్ కొంది, 2007లో వదిలిపెట్టింది, 2022లో సోనీ కొంది. పెట్టెలు తగ్గుతూ, బయటి కంపెనీలు లోపలివి అవుతూ పోతే మిగిలేది 1988 నాటి నింటెండో షరతులే.

పీసీ ఉంది కదా అంటారు. ఉంది, మంచిదే. కానీ గేమింగ్ పీసీ ఖరీదు కన్సోల్ కొనే ఇంటికి అందదు. 2025 జూన్ 5న వచ్చిన నింటెండో స్విచ్ 2 మొదటి రోజే 'సైబర్‌పంక్ 2077'ను తెచ్చుకుంది, బయటివాళ్ళ పెద్ద ఆటలకు అది నిజమైన ఇంకో తలుపైతే నా భయం కొంత తగ్గుతుంది.

అందుకే ఈ వారం నా పాత పాటలో ఒక చరణం మారుస్తున్నాను. ఆట ముఖ్యం, కానీ పెట్టెలు కూడా ముఖ్యమే, అవి ఒకటికి మించి ఉండటం ఇంకా ముఖ్యం. పోటీ బతికి ఉండటానికి కొన్ని ఆటలు కొంతకాలం ఒకే పెట్టెలో ఉండిపోవలసి వస్తే, ఆ ధర నేను భరిస్తాను. మీ పిల్లలకు ఏ కన్సోల్ కొన్నా సరే, పక్కవాడి కన్సోల్ పని అయిపోయిందని వాళ్ళు చప్పట్లు కొడితే ఆపండి. అవతలి పెట్టె నిలబడి ఉన్నంతకాలమే వాళ్ళకిష్టమైన ఆట చేసేవాడు తన షరతు తాను చెప్పగలడని చెప్పండి.