నొప్పికి గడియారం కట్టే చేతులు

"ఇక చేసేదేమీ లేదు, ఇంటికి తీసుకెళ్లండి" అని ఆస్పత్రి పంపించేసిన క్యాన్సర్ రోగికి నిజానికి చేయాల్సినవి అప్పుడే మొదలవుతాయి. అందులో ఎక్కువ భాగం నర్సు పని. హర్మాలా గుప్తా 1996లో ఢిల్లీలో స్థాపించిన క్యాన్‌సపోర్ట్ సంస్థ తరఫున డాక్టరు, నర్సు, కౌన్సెలర్ కలిసి ఇళ్లకే వెళ్తారు, పైసా తీసుకోరు. ఢిల్లీ పక్కనున్న ఘాజియాబాద్ కూడా వాళ్లు తిరిగే ఊరే. అక్కడి ఇందిరాపురం ఫ్లాటులో రోగికి విడిగా గది, మంచం ఉంటాయి. సాహిబాబాద్ ఫ్యాక్టరీల వెనక ఇళ్లలో వంట, చదువు, జబ్బు అన్నీ ఒకే గదిలో. నర్సు రెండు చోట్లా ఒకే ఉపశమన విద్య వాడాలి.

ఆ విద్యకు దారి వేసిన సిసిలీ సాండర్స్ కూడా మొదట నర్సే, డాక్టరయింది తరవాత. 1967లో లండన్‌లో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ (చివరిదశ రోగుల సంరక్షణాలయం) తెరిచారు. నొప్పి వచ్చాక మందు వేయడం కాదు, రాకముందే వేయాలన్నది ఆమె పట్టుదల. మామూలు మార్ఫిన్ మాత్ర పనిచేసేది సుమారు నాలుగు గంటలు. కాబట్టి నాలుగేసి గంటలకు ఒకటి. రాత్రి పడుకునేముందు రెట్టింపు, అర్ధరాత్రి లేపే అవసరం లేకుండా. మధ్యలో నొప్పి పొడుచుకొస్తే అదనపు మోతాదు. అది ఎన్నిసార్లు వేశారో ఇంట్లోవాళ్లు నోటుపుస్తకంలో రాయాలి, డాక్టరు మోతాదు పెంచేది ఆ లెక్క చూసే. మొదట్లో వచ్చే వికారం, మత్తు కొద్ది రోజుల్లో తగ్గుతాయి. మలబద్ధకం మాత్రం తగ్గదు. అందుకే మంచి నర్సు మొదటిరోజే విరేచనాల మాత్ర ఇచ్చారా అని అడుగుతుంది.

మార్ఫిన్ పేరు వింటే "అంటే ఆఖరైపోయిందా?" అని ఇల్లంతా బెదిరిపోతుంది. ఈ భయం చట్టానికీ ఉండేది. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం తరవాత ఆస్పత్రుల్లో మార్ఫిన్ దాదాపు కనబడకుండా పోయింది. 2014 సవరణతో గాని నిబంధనలు సడలలేదు. మార్ఫిన్‌కు మూలమైన నల్లమందును శుద్ధిచేసే ప్రభుత్వ కర్మాగారం మాత్రం ఘాజియాబాద్ ఉన్న ఉత్తరప్రదేశ్‌లోనే, కాశీ దగ్గరి ఘాజీపూర్‌లో ఉంది.

నొప్పికంటే రోగిని ఒంటరిని చేసేది వాసన. నోటి క్యాన్సర్, రొమ్ము క్యాన్సర్ పుండ్లు కుళ్లితే మనవలు కూడా దగ్గరికి రారు. మెట్రోనిడజోల్ మాత్రలు మెత్తగా నూరి పుండు మీద చల్లితే వాసన తగ్గుతుంది. అరలీటరు మరిగించి చల్లార్చిన నీళ్లలో టీస్పూను ఉప్పు వేస్తే కడగడానికి చాలు. అంటుకున్న గుడ్డను లాగకూడదు, ఆ నీళ్లతో నానబెట్టి తీయాలి. నర్సు ఒకసారి చేసి చూపిస్తుంది, మరోసారి కోడలి చేత చేయిస్తుంది. కట్టు రోజూ మార్చాల్సింది ఆ కోడలే కదా! మందుల చీటీలో ఈ పాఠం ఉండదు. నా దృష్టిలో మొత్తం వైద్యంలో విలువైనది ఇదే.

ఇంకో కష్టం గుమ్మంలోనే ఎదురవుతుంది. "నాన్నకు జబ్బు సంగతి చెప్పకండి సిస్టర్" అంటాడు కొడుకు. నర్సు అబద్ధమాడదు, నెత్తిన పిడుగూ వేయదు. "మీ ఒంట్లో ఏం జరుగుతోందని మీరనుకుంటున్నారు?" అని అడిగి ఊరుకుంటుంది. చాలాసార్లు పెద్దాయనకు అన్నీ తెలిసే ఉంటాయి, కొడుకు తట్టుకోలేడని ఆయనే దాస్తుంటాడు.

చివరి రోజుల్లో ఆకలి చచ్చిపోతుంది. తిననందువల్ల పోతున్నారనుకుని ఇంట్లోవాళ్లు స్పూనుతో కుక్కబోతారు. శరీరం వెళ్లిపోయే దారిలో ఉంది కాబట్టే తిండి అడగడం లేదని నర్సు నెమ్మదిగా చెప్పాలి. నోరు తడి గుడ్డతో తుడవడం, పెదాలకు నూనె రాయడం నేర్పుతుంది. గంగాజలం పోస్తామంటే వద్దనదు. మింగలేని మనిషికి గొంతులో పోయకుండా పెదాలు తడపమంటుంది. గొంతులో గురక మొదలైతే పక్కకు తిప్పి పడుకోబెడుతుంది.

మన హైదరాబాద్‌లోనూ ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆస్పత్రిలో, స్పర్శ్ హాస్పిస్‌లో ఈ విద్య సాగుతోంది. ఇంత చేసే నర్సుకు మన దేశంలో మార్ఫిన్ రాసే హక్కు లేదు, చీటీ డాక్టరే రాయాలి. ఉగాండా 2004లోనే, ప్రత్యేక శిక్షణ పొందిన నర్సులకు ఆ అధికారం చట్టబద్ధంగా ఇచ్చింది. మనకంటే పేద దేశం చేసిన పని మనం ఇంకా ఎందుకు చేయలేదో ఆరోగ్యశాఖ చెప్పాలి.